పెన్‌డ్రైవును పరీక్షించి నమ్ముట



నేడు నేను మీతో ముచ్చటింపబోవు వస్తువు బొటనవ్రేలికన్న పెద్దది కాదు. మన మనుమలు తాళపుచెవుల గుత్తికి తగిలించుకొని తిరుగు పెన్‌డ్రైవే అది. ఇంత చిన్నదానిని గూర్చి గ్రామపెద్దలకు ప్రసంగమేల యని మీలో కొందరికి తోచవచ్చును. పూర్వము మన యింటి ముఖ్యమైన కాగితములన్నియు భోషాణములో నుండెడివి. దాని తాళపుచెవి యింటి యజమాని మొలత్రాటికో, పెద్దమ్మ కొంగుముడిలోనో ఉండెడిది. నేడు పొలము దస్తావేజుల నకళ్లు, పంపకముల కాగితములు, దేవాలయపు జమాఖర్చులు, పెండ్లి ఫొటోలు, గతించిన పెద్దల కంఠధ్వనులు సైతము ఈ చిన్న పనిముట్టులోనికి చేరుచున్నవి. భోషాణము మారినది గాని, దానిని కాపాడవలసినవారి బాధ్యత మారలేదు. అందుచేత దీనిని గూర్చి పిల్లలకు తెలిసిన చాలునని పెద్దలు ఊరకుండరాదు. నే నట్లు ఊరకుండి నష్టపోయినవాడను. ఆ సంగతి ముందుగా మనవి చేసికొనెదను.

మా పెదతండ్రిగారు మంచి గాయకులు. భజనగోష్ఠులలో ఆయన గొంతెత్తిన నాలుగు వీథుల అవతలికి వినబడెడిది. ఆయన పాడిన పాటలును, మా వంశపు పూర్వచరిత్రను గూర్చి చెప్పిన మాటలును పదునాలుగు క్యాసెట్లలో మా యింట నుండెను. క్యాసెట్లలోని టేపు బూజుపట్టి తెగిపోవుచుండగా, మా అన్నకొడుకు ఎంతో ఓపికతో వానినన్నిటిని కంప్యూటరులోనికి ఎక్కించెను. ఆ పని ముగిసిన పిదప క్యాసెట్లతో ఇక పనిలేదని పారవేసితిమి. కొంతకాలమునకు కంప్యూటరులో చోటు చాలకపోయెను. అప్పుడు నేను ఒక తిరునాళ్లకు పోయి, అచట ఒక దుకాణమున పెన్‌డ్రైవును కొంటిని. దానిమీద 2 టెరాబైట్లని అచ్చువేసి యుండెను. మంచి దుకాణములలో 64 గిగాబైట్ల దానికి అడుగు ధరకన్నను అది చౌక. బేరము గెలిచితినని సంతోషపడితినే గాని, ఇంత చౌకగా ఎట్లు వచ్చెనని అడుగుకొన్నవాడను కాను.

ముందుగా మనుమరాలి పెండ్లి వీడియోలను, తరువాత ఫొటోలను, చివరకు పెదతండ్రిగారి పాటలను అందులోనికి ఎక్కించితిమి. కంప్యూటరులో నున్నవానిని నా మాటపైననే తుడిచివేసిరి. ఆ యేటి ఉగాదినాడు బంధువులందరు చేరినపుడు, ఆయన పాట వినిపింతమని పెన్‌డ్రైవును టీవీకి తగిలించితిమి. పాటల పేర్లన్నియు వరుసగా తెరమీద కనబడినవి. ఒక్కటియు పలుకలేదు. పట్టణమున ఈ విద్య నెరిగిన ఒక యువకునికి చూపగా, అతడు ఒక రాత్రియంతయు పరీక్షించి, "తాతగారూ, ఇందులో నిజంగా ఉన్నది 32 గిగాబైట్లే. మిగతాదంతా పైన వేసిన అచ్చే" అని చెప్పెను. పెండ్లి వీడియోలతోనే ఆ 32 నిండిపోయినవట. పెదతండ్రిగారి పాటలకు అందులో చోటే లేదు. మా చెల్లెలు ఒక్క పాటను మాత్రము అంతకుముందే తన ఫోనులోనికి తీసికొని యుండెను. నేడు మా వంశమున ఆయన గొంతు వినబడునది ఆ యొక్క పాటలోనే.

ఈ మోసము ఎట్లు సాధ్యమాయెనో తెలియవలెనన్న, పెన్‌డ్రైవు కడుపులో ఏమున్నదో కొంచెము తెలియవలెను. అందులో ముఖ్యమైనవి రెండు చిప్పులు. ఒకటి సరకును దాచు కొట్టు. దీనిని ఫ్లాష్ మెమొరీ అందురు. రెండవది ఆ కొట్టునకు లెక్క వ్రాయు గుమాస్తా. దీనిని కంట్రోలరందురు. కొట్టులో కోట్లకొలది సూక్ష్మమైన గదు లుండును. ఒక్కొక్క గదిలో కొంత విద్యుత్తును బంధించి యుంచుదురు. ఎంత విద్యుత్తున్నదో దానినిబట్టి అక్షరములును, చిత్రములును, ధ్వనులును గుర్తింపబడును. కరెంటు తీసివేసినను ఆ విద్యుత్తు గదిలోనే నిలిచియుండుట దీని విశేషము. జపాను దేశమున తోషిబా కంపెనీలో పనిచేసిన ఫుజియో మసువోకా అను ఇంజినీరు 1980లలో ఈ విద్యను కనిపెట్టెను. 2000 సంవత్సరమున మొదటి పెన్‌డ్రైవులు అమ్మకమునకు వచ్చినపుడు, వానిలో పట్టినది 8 మెగాబైట్లు మాత్రమే. ఒక టెరాబైటు అంతకు లక్షయిరువదియైదు వేల రెట్లు. నిజమైన 2 టెరాబైట్ల పెన్‌డ్రైవు లేకపోలేదు. 2017లో కింగ్‌స్టన్ కంపెనీవారు అట్టిదానిని ప్రకటించిరి. కాని అది తిరునాళ్లలో బొమ్మల ధరకు దొరకునట్టిది కాదు.

ఇక కంప్యూటరుకు కొట్టు నేరుగా కనబడదు. అది గుమాస్తాను అడిగి, అతడు చెప్పినదానిని నమ్మును. అన్యాయపు కరణము లేని భూమికి అడంగలులో లెక్క వ్రాసిన యెట్లుండునో, మోసగాండ్రు ఈ కంట్రోలరు చేత అట్లే అబద్ధపు లెక్క చెప్పింతురు. 32 గిగాబైట్ల కొట్టును చేతిలో పెట్టుకొని అది 2 టెరాబైట్లని పలుకును. కంప్యూటరు తెరమీదను అట్లే చూపును. మనము ఎక్కించుచున్నంతసేపు కాదనదు. అసలు చోటు నిండిన పిమ్మట వచ్చినదానిని ఒక రకపు కంట్రోలరు గాలికి వదలును. మరియొక రకపుది మొదటివానిమీదనే మరల వ్రాసి, పాతవానిని చెరుపును. పేర్ల పట్టిక మాత్రము చెక్కుచెదరక యుండును. కావున పేరు కనబడినంత మాత్రమున సరకున్నదని నమ్మరాదు. తెరమీది అంకెయు సాక్ష్యము కాదు.

ఇచ్చట ఒక చిన్న భేదమును గుర్తింపవలెను. మంచి కంపెనీవారి 128 గిగాబైట్ల పెన్‌డ్రైవును తగిలించినపుడు, విండోసు కంప్యూటరు 119 అని చూపును. 64 అయినచో 59 పైచిలుకు చూపును. ఇది మోసము కాదు. తయారుచేసినవారు వేయింటి లెక్కన కొలుతురు. ఆ కంప్యూటరు 1024 లెక్కన కొలుచును. ఊరికొక కుంచమున్న కాలమును చూచిన మనకు ఈ భేదము వింత కాదు. వరికుప్ప ఒక్కటే, కుంచములు రెండు.

నీళ్లలోనున్న బర్రెను బేరమాడినట్లన్న సామెత మీకు తెలిసినదే. పెన్‌డ్రైవు ఎల్లప్పుడును నీళ్లలోని బర్రెయే. దానిని ఒడ్డుకు ఎక్కించి చూచు ఉపాయ మొకటి కలదు. కొన్న వెంటనే, మన వస్తువులనేవియు అందులో పెట్టకముందే, పరీక్షచేయు ప్రోగ్రామును నడుపవలెను. విండోసు కంప్యూటరులకు హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనునదియు, లినక్సు, మ్యాక్ కంప్యూటరులకు ఎఫ్3 అనునదియు ఉచితముగా దొరకును. ఇవి పెన్‌డ్రైవును అంచువరకు ఏవో గుర్తులతో నింపి, మరల మొదటినుండి చదివి, వ్రాసినది వ్రాసినట్లున్నదా యని సరిచూచును. గాదెను నిండ పోసి, మరల కొలిచి తీసినట్టి పని యిది. దీనికి కాలము పట్టును. సెకనుకు 20 మెగాబైట్ల వేగముతో వ్రాయు 256 గిగాబైట్ల పెన్‌డ్రైవును నింపుటకే మూడున్నర గంటలగును. చదువుటకు పట్టు కాలము దీనికి అదనము. ఆ కొన్ని గంటలకు ఓర్చుకొనియుండిన, మా పెదతండ్రిగారి గొంతు మాకు దక్కెడిది. మీ యింటి పిల్లవానితో ఈ రెండు పేర్లు చెప్పుడు. తక్కినది వాడు చూచుకొనును. పరీక్షలో తప్పినచో రసీదుతో తిరిగి ఇచ్చివేయవలెను. కావున రసీదు లేనిచోట కొనరాదు.

ఎంత పెద్దది కొనవలెనన్న ప్రశ్న తరువాతది. ఫోనుతో తీసిన ఫొటో ఒక్కొక్కటి 4 మెగాబైట్లని అనుకొన్నచో, 256 గిగాబైట్లలో అరువదివేలకు పైగా పట్టును. సాధారణమైన ఎంపీ3 పద్ధతిలో పాట గంటకు సుమారు 58 మెగాబైట్లగును. ఆ లెక్కన నాలుగువేల గంటలకు పైబడి పట్టును. కాగితముల నకళ్లు ఎన్ని యున్నను అందులో ఒక మూలకు చాలవు. చోటును తినివేయునవి వీడియోలు. అవి లేని యింటికి 64గాని, 128గాని చాలును. అవసరమునకు మించిన పెద్దది కొనుట వలన మరియొక చిక్కు కలదు. సరకంతయు ఒకే గాదెలో పోయబుద్ధి పుట్టును. ఒక పెద్దదానికన్న రెండు మధ్యరకములు మేలు. ఎందుకో చివర చెప్పెదను.

వేగమును గూర్చియు అట్టమీది మాటను ఆచితూచి నమ్మవలెను. 2000 నాటి యూఎస్‌బీ 2.0 పద్ధతి సెకనుకు 480 మెగాబిట్ల వేగమునకు ఏర్పరుపబడినది. 2008 నాటి యూఎస్‌బీ 3.0 దానికి పదిరెట్లకు పైబడినది. 3.0 రంధ్రములోని నాలుక సాధారణముగా నీలిరంగులో నుండును. కాని రాజమార్గము వేసినంత మాత్రమున ఎద్దులు గుఱ్ఱములగునా? లోపలి చిప్పు మందమైనదైనచో పద్ధతి ఎంత క్రొత్తదైనను ఫలము లేదు. అట్టమీద పెద్ద అక్షరములతో వ్రాయునది చదువు వేగము. ఎక్కించు వేగము అందులో నాల్గవవంతైనను ఉండకపోవచ్చును. అందుచేత వ్రాయు వేగమెంతయో అడిగి కొనవలెను. తగిలించు కొనను గూడ చూచుకొనవలెను. పాత కంప్యూటరులకును టీవీలకును వెడల్పు కొన. క్రొత్త ఫోనులకు సన్నని సీ రకపు కొన. రెండు ప్రక్కల రెండు కొనలున్నవియు దొరకును. పల్లెలలో ఫోనే కంప్యూటరైన యిండ్లు చాల గలవు గనుక, అట్టివి మనకు ఎక్కువ అనుకూలము.

మరియొక చిక్కును మీరు చూచియే యుందురు. పెన్‌డ్రైవులో చోటున్నను, పెండ్లి వీడియో ఒకటి ఎక్కనని మొండికేయును. దీనికి కారణము ఫాట్32 అను పాత పద్ధతి. అందులో ఏ ఒక్క ఫైలును 4 గిగాబైట్లకు మించి యుండరాదు. గదిలో చోటున్నను ద్వారము చిన్నదైన యెడ పెద్దమంచము లోనికి పోదు గదా. 2006లో మైక్రోసాఫ్ట్‌వారు తెచ్చిన ఎక్స్‌ఫాట్ పద్ధతికి ఈ అడ్డంకి లేదు. పెద్ద పెన్‌డ్రైవులను ఆ పద్ధతిలో ఫార్మాట్ చేయించుకొనుట మంచిది. అయితే కొన్ని పాత టీవీలు దానిని చదువలేవు. ఫార్మాట్ చేసిన యెడల లోపలిదంతయు పోవును గనుక, ఆ పనిని ఖాళీగా నున్నప్పుడే చేయవలెను. తగిలించిన వెంటనే కంప్యూటరు తనంతట తానే "ఫార్మాట్ చేయుదునా?" అని అడిగినచో, లోపల మీ వస్తువులున్నంతవరకు వలదని చెప్పి, తెలిసినవారికి చూపవలెను. అట్టి సమయమున క్రొత్తగా నేదియు అందులోనికి ఎక్కింపరాదు. ఊరకుంచినచో కొంతవరకు బయటికి తీయుటకు వీలుండవచ్చును.

ఇక వాడుకలో పాటింపవలసినవి కొన్ని. ఎక్కించుట ముగిసినట్లు తెరమీద కనబడినను, కంప్యూటరు ఒక్కొక్కసారి కొంత సరకును తన చేతిలోనే పట్టుకొని నెమ్మదిగా లోపల పెట్టుచుండును. అప్పుడు లాగివేసిన యెడల పేర్ల పట్టికయే చెడిపోవచ్చును. కావున ఎజెక్ట్ అను గుర్తును నొక్కి, సరియని చెప్పిన పిమ్మటనే తీయవలెను. ఎండలో నిలిపిన కారులోను, పొయ్యిగట్టున గల అలమరలోను ఉంచరాదు. వీథిలో దొరికినదానిని ఆసక్తితో తగిలింపరాదు. 2010లో బయటపడిన స్టక్స్‌నెట్ అను వైరసు పెన్‌డ్రైవుల ద్వారానే ఇరాను దేశపు అణుశాలలోనికి ప్రవేశించినది. అంతటి కట్టుదిట్టములున్నచోటికే పోయినపుడు మన యింటి కంప్యూటరొక లెక్కా? జిరాక్సు దుకాణమునకు పోవునపుడు ఇంటి పెన్‌డ్రైవును పట్టుకొని పోరాదు. చిన్నదానిని వేరుగా నుంచుకొని, కావలసిన ఒక్క కాగితమునే అందులో వేసికొని పోవలెను. పదిమంది చేతులు పడు కంప్యూటరునుండి వైరసు రావచ్చును. మన ఆధారు కాగితములు, బ్యాంకు కాగితములు అచ్చట నిలిచిపోవచ్చును. తుడిచివేసితిమి గదా యని పాతదానిని ఇతరులకిచ్చుటయు మంచిది కాదు. తుడిచినవి సైతము ఒక్కొక్కప్పుడు నేర్పరులు బయటికి తీయగలరు.

ఇప్పుడు అన్నిటికన్న ముఖ్యమైన మాట. పరీక్షలో నెగ్గిన పెన్‌డ్రైవు గూడ శాశ్వతమైనది కాదు. లోపలి గదులలో బంధించిన విద్యుత్తు ఏండ్లు గడచినకొలది మెల్లమెల్లగా కారిపోవును. వేడిమి యున్నచోట మరింత వేగముగా పోవును. పూర్వపు చిప్పులలో ఒక గది నిండుగానున్నదా, ఖాళీగానున్నదా యని రెండే గుర్తులు. నేడు అంత చిన్న స్థలములో అంత ఎక్కువ పట్టించుటకై, ఒకే గదిలో ఎనిమిదిగాని పదునారుగాని మట్టములను గుర్తించుచున్నారు. నిండుకుండలో గ్రుక్కెడు ఇంకినను అది నిండుకుండయే యని పోల్చుకొనవచ్చును. పదునారు గీతలు గీసిన కుండలో గ్రుక్కెడు ఇంకినచో గీత మారును, అర్థము మారును. పెద్ద పెన్‌డ్రైవుల బలహీనత ఇదియే. దానిని బీరువాలో పెట్టి పదియేండ్లు మరచిపోయినచో, తీయునాటికి ఏమి మిగులునో ఎవ్వరును హామీ యీయలేరు. పెన్‌డ్రైవు ఒకచోటినుండి మరియొక చోటికి మోయుటకు తగిన సంచి. తరతరములు దాచుటకు తగిన పాతర కాదు.

అట్లయిన మన గతి యేమని అడుగుదురేమో. మన పూర్వులు దీనికి దారి చూపియే యున్నారు. తాళపత్రములు చెదపురుగుల పాలగునని వారెరుగుదురు. ఆకు శిథిలము కాకముందే క్రొత్త ఆకులమీద ప్రతి వ్రాసికొనుచు వచ్చిరి. 19వ శతాబ్దమున చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర తన ధనము వెచ్చించి, పండితులను లేఖకులను పెట్టుకొని, తెలుగు గ్రంథములకు ప్రతులు వ్రాయించెను. ఆకు నశించినను గ్రంథము నిలుచుట ఈ ప్రతుల వలననే. ఈనాటి ఆకు ఇసుకనుండి తీసిన సిలికానుతో చేసినదైనను ధర్మము మారలేదు. ప్రతి యున్నదే బ్రదుకును.

కావున ముఖ్యమైన ప్రతిదానికిని మూడు ప్రతులుండవలెను. ఒకటి ఇంటి కంప్యూటరులోనో ఫోనులోనో ఉండవలెను. రెండవది పరీక్షించిన పెన్‌డ్రైవులోగాని, ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోగాని ఉండవలెను. మూడవది వేరొక ఊరిలో, కూతురి యింటనో తమ్ముని యింటనో ఉండవలెను. వరదయో అగ్నియో ఒక యింటికి వచ్చిన రెండవ యింట మిగులును. ఇందులకే ఒక పెద్దదానికన్న రెండు మధ్యరకములు మేలని చెప్పితిని. ఏటికొకసారి, ఉగాదినాడు పంచాంగము వినునట్లే, వీనిని తగిలించి, పేర్లు చూచి తృప్తిపడక, నాలుగైదింటిని తెరచి చూడవలెను, పాడించి వినవలెను. కొన్నియేండ్ల కొకసారి క్రొత్తదానిలోనికి ప్రతి తీయవలెను. దస్తావేజుల అసలు కాగితములను మాత్రము ఎన్ని ప్రతులున్నను పారవేయరాదు. కార్యాలయములలో అసలు కాగితమును అడిగినపుడు ఈ నకలు దాని స్థానమున నిలువదు.

మా చెల్లెలికి ఈ సూత్రములేవియు తెలియవు. పెదతండ్రిగారి పాటమీద మక్కువచే ఒకదానిని తన ఫోనులో పెట్టుకొన్నది, అంతే. నేను బేరము చూచితిని; ఆమె ప్రతి తీసికొన్నది. ఆ ఒక్క పాట నేడు మా బంధువుల యిండ్లలో పదునేడు ఫోనులలో నున్నది. ప్రతి సంవత్సరము ఉగాదినాడు దానిని విందుము. తక్కిన పాటలను తలచుకొని ఎవ్వరును నన్ను ఏమియు అనరు. అనకపోవుటయే నాకు ఎక్కువ బాధ.

మీ యింట ఇంకను క్యాసెట్లున్నచో, వానిని పారవేయకుడు. పాత ఫొటోలున్నచో ఇప్పుడే ప్రతులు తీయించుడు. పెన్‌డ్రైవును కొనుడు, పరీక్షించుడు, నమ్ముడు. నమ్మిన పిదపను రెండవ ప్రతి నుంచుకొనుడు. ఇంతకన్న నేను చెప్పగలది లేదు.